నగరం గోడ బయట: కాంటన్‌లో విదేశీయుల దైనందిన జీవితం



మీరు ఈ ఉదయం తాగిన టీ పేరులోనే ఒక సముద్రయాన చరిత్ర ఉంది. చైనాలోని అమోయ్ రేవు ప్రాంతం వారు ఈ ఆకును ‘తే’ అంటారు. కాంటన్ ప్రాంతం వారు ‘ఛా’ అంటారు. మొదటి మాట ఓడలెక్కి ఐరోపాకు వెళ్ళి ‘టీ’ అయింది. మన ‘తేయాకు’, ‘తేనీరు’ అనే మాటల్లో ఉన్నదీ అదే. రెండో మాట పర్షియా మీదుగా ‘చాయ్’ అయి మన ఇళ్ళకు చేరింది.

ఈ ఆకు కోసం 18, 19 శతాబ్దాలలో ఎందరో విదేశీయులు ఏటా కొన్ని నెలల పాటు కాంటన్‌లో కాపురం ఉండేవారు. దక్షిణ చైనాలోని ఆ నగరమే నేటి గ్వాంగ్‌జౌ. వచ్చినవారిలో ఆంగ్లేయులు, డచ్చివారు, డేన్లు, స్వీడన్ వారు, అమెరికన్లు ఉన్నారు. మన బొంబాయి నుంచి వెళ్ళిన పార్సీలూ ఉన్నారు. వారు ఎక్కడ పడుకునేవారు? ఏ భాషలో బేరాలాడేవారు? వారికి అన్నం ఎవరు వండిపెట్టేవారు? జబ్బు చేస్తే ఏం చేసేవారు? యుద్ధాలు, సంధులు మీ పాఠ్యపుస్తకాలలో ఉంటాయి. ఇలాంటి చిన్న ప్రశ్నలు సాధారణంగా ఉండవు. కానీ వీటికి జవాబులు తెలుసుకుంటే, ఆ యుద్ధాలు ఎందుకు వచ్చాయో చాలా తేలికగా బోధపడుతుంది.

గోడ పక్కన ఒక చిన్న ప్రపంచం

1757లో చైనాను పాలిస్తున్న చింగ్ వంశపు చక్రవర్తి చియెన్‌లుంగ్ ఒక ఉత్తరువు జారీచేశాడు. సముద్రం మీద వచ్చే ఐరోపా వర్తకులు ఇకపై కాంటన్ రేవులో మాత్రమే వ్యాపారం చెయ్యాలని దాని సారాంశం. ఈ ఏర్పాటు 1842 వరకు, అంటే 85 సంవత్సరాలు, నడిచింది.

కాంటన్‌కు వచ్చినవారు కాంటన్‌లో ఉన్నారా అంటే, లేరనే చెప్పాలి. నగరం చుట్టూ ఎత్తయిన ప్రాకారం ఉండేది. దాని ద్వారాలు దాటి లోపలికి పోవడానికి విదేశీయులకు అనుమతి లేదు. ప్రాకారానికి నైరుతి దిక్కున, ముత్యాల నది ఒడ్డున వారికి కొన్ని భవనాలు అద్దెకిచ్చారు. చైనీయులు వీటిని ‘పదమూడు హాంగ్‌లు’ అన్నారు. హాంగ్ అంటే వర్తక గృహం. ఆంగ్లేయులు వీటినే ‘ఫ్యాక్టరీలు’ అన్నారు. ఆ మాట విని యంత్రాలను, పొగగొట్టాలను ఊహించుకోకండి. కంపెనీ ఏజెంటును అప్పట్లో ‘ఫ్యాక్టర్’ అనేవారు. అతడు ఉండే చోటు ఫ్యాక్టరీ. ఈస్టిండియా కంపెనీ వారు 1611లో మన మచిలీపట్నంలో పెట్టినది కూడా ఇలాంటి ఫ్యాక్టరీయే. మన భాషలో కోఠీ అనుకోవచ్చు. కింది అంతస్తులో సరుకు గదులు, కచేరీ. పైన భోజనశాల, పడక గదులు.

ఈ కోఠీల వరస నది వెంబడి సుమారు 300 మీటర్లు. నది నుంచి లోపలికి సుమారు 100 మీటర్లు. అంటే మీ కళాశాల ఆవరణ కన్నా చిన్నది కావచ్చు. మధ్యలో మూడు సన్నని వీధులు, ఎదురుగా ఒక ఖాళీ స్థలం. కొన్ని వందల మంది విదేశీయుల ప్రపంచం ఇంతే. గోడకు అవతల లక్షల జనం ఉన్న మహానగరం. ఆ నగరపు రణగొణ ధ్వని వీరికి వినిపించేది. నగరం మాత్రం కనిపించేది కాదు.

గాలులు నడిపిన క్యాలెండరు

వీరి రాకపోకలను నిర్ణయించినది రాజాజ్ఞ ఒక్కటే కాదు, ఋతుపవనం కూడా. తెరచాప ఓడకు ఇంధనం గాలే. వేసవిలో ఆసియా భూభాగం వేడెక్కి, గాలి సముద్రం నుంచి నేలవైపు వీస్తుంది. ఆ నైరుతి గాలుల సాయంతో ఓడలు హిందూ మహాసముద్రం, దక్షిణ చైనా సముద్రం దాటి వచ్చేవి. శీతకాలంలో గాలి దిశ తిరుగుతుంది. ఆ ఈశాన్య గాలులతో టీ నింపుకొని వెనక్కు మళ్ళేవి. పెద్ద ఓడలు కాంటన్ దాకా రాలేవు. సుమారు 20 కిలోమీటర్ల దిగువన వాంపోవా దగ్గర లంగరు వేసేవి. నావికులు అక్కడే ఓడల మీద ఉండిపోతే, వర్తకులు పడవల్లో కోఠీలకు చేరేవారు.

ఓడలు వెళ్ళిపోగానే వర్తకులూ కాంటన్ విడిచి పోవాలి. 1759 నాటి నిబంధనల ప్రకారం వ్యాపార కాలం ముగిశాక అక్కడ ఉండకూడదు. అందుకని పోర్చుగీసువారి అధీనంలో ఉన్న మకావుకు వెళ్ళి, మళ్ళీ ఓడలు వచ్చేదాకా ఎదురుచూసేవారు. ఏటా రెండు ఇళ్ళు, రెండు కాపురాలు, మూటాముల్లె కట్టడం, విప్పడం.

చేయకూడని పనుల జాబితా

స్త్రీలు కోఠీలకు రాకూడదు. ఆయుధాలు తేకూడదు. పల్లకీ ఎక్కకూడదు. నదిలో సరదాకు పడవ నడపకూడదు. చాంద్రమాసంలో 8, 18, 28వ రోజులలో మాత్రం నది అవతలి పూలతోటలకు షికారు వెళ్ళవచ్చు. అదైనా చిన్న గుంపుగా, ఒక దుబాసీని వెంటబెట్టుకొని, చీకటి పడకముందే తిరిగి రావాలి.

ఈ నిబంధనలన్నీ అక్షరాలా అమలయ్యాయని అనుకోకండి. చాలా వాటిని అధికారులు చూసీ చూడనట్టు వదిలేసేవారు. కొన్నింటిని మాత్రం వదలలేదు. 1830లో హారియట్ లో అనే అమెరికన్ యువతి తన పినతల్లితో కలిసి మకావు నుంచి కాంటన్ కోఠీలకు వచ్చింది. ఆమెను చూడడానికి జనం గుమిగూడారు. వారిని పంపించకపోతే వ్యాపారం ఆపేస్తామని అధికారులు హెచ్చరించారు. కొద్ది రోజుల్లోనే వారు మకావుకు తిరిగిపోవలసి వచ్చింది.

ఇంత కట్టడి ఎందుకు? స్త్రీలు, పిల్లలు వస్తే కాపురాలు స్థిరపడతాయి, కాపురాలు స్థిరపడితే కోటలు లేస్తాయి అన్నది పాలకుల భయం. ఆ భయం పూర్తిగా ఆధారం లేనిది అనలేము. మన దేశంలో కోఠీలుగా మొదలైనవి కోటలుగా, ఆ తరువాత రాజ్యాలుగా ఎలా మారాయో మనకు తెలుసు. మరోవైపు విదేశీయులకూ ఒక భయం ఉండేది. 1784లో ‘లేడీ హ్యూస్’ అనే ఓడ నుంచి గౌరవసూచకంగా ఫిరంగి పేల్చినప్పుడు ఇద్దరు చైనీయులు చనిపోయారు. ఉద్దేశపూర్వకంగా చేసింది కాదని ఓడవారు మొత్తుకున్నారు. ప్రాణానికి ప్రాణం అన్నారు అధికారులు. వ్యాపారం ఆపేసి, ఆ ఫిరంగి పేల్చినవాణ్ణి స్వాధీనం చేసుకొని, 1785 జనవరిలో మరణశిక్ష అమలు చేశారు. ఒకరి చట్టం మరొకరికి అర్థం కాని చోట, ఒక్క దుర్ఘటన ఎంత దూరం పోతుందో చూడండి.

ఎవరి చేతుల మీద బతుకు నడిచేది?

విదేశీయుడు నేరుగా బజారుకు పోయి సరుకు కొనడానికి వీల్లేదు. ప్రభుత్వ అనుమతి పొందిన హాంగ్ వర్తకులతోనే పెద్ద వ్యాపారమంతా జరగాలి. ప్రతి ఓడకూ ఒక హాంగ్ వర్తకుడు హామీగా నిలబడాలి. ఓడవారు పన్ను ఎగవేసినా, తప్పుచేసినా జవాబు చెప్పవలసినది అతడే. వీరిలో ప్రముఖుడు హౌక్వా (1769–1843). 1834లో ఆయన ఆస్తి 2 కోట్ల 60 లక్షల డాలర్లని అంచనా. ఆ కాలంలో ప్రపంచంలోని మహా సంపన్నులలో ఒకడు. నోటిమాట మీద లక్షల డాలర్ల బేరాలు జరిగేవని ఆనాటి వర్తకులు రాసుకున్నారు.

ఇంటి వ్యవహారమంతా ‘కంప్రదార్’ చేతిలో ఉండేది. పోర్చుగీసు భాషలో కొనేవాడని ఆ మాటకు అర్థం. వంటవాళ్ళను, నీళ్ళు మోసేవాళ్ళను, కాపలావాళ్ళను కుదిర్చేది అతడే. కూరగాయలు తెప్పించేది అతడే, ఇనప్పెట్టె తాళాలూ అతని దగ్గరే. వెండి నాణేలు మంచివో కావో పరీక్షించేవాణ్ణి ‘ష్రాఫ్’ అనేవారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? మన ‘షరాబు’ ఇదే. అరబ్బీ మాట, మన దేశపు బజార్ల మీదుగా చైనా తీరం చేరింది.

‘దయ్యాల మాట’

విదేశీయులకు చైనీస్ నేర్పడం నేరం. 1759లో జేమ్స్ ఫ్లింట్ అనే ఆంగ్లేయుడు కాంటన్ అధికారుల మీద ఫిర్యాదు పత్రంతో ఉత్తరాన తియెన్‌జిన్ దాకా వెళ్ళాడు. అతనికి మకావులో మూడేళ్ళ నిర్బంధం విధించారు. ఆ పత్రం చైనీస్‌లో రాయడానికి సాయపడిన చైనీయుడికి మాత్రం మరణశిక్ష పడింది. శిక్షలోని ఈ తేడాను గమనించండి. ఆ తరువాత ఏ గురువు పాఠం చెప్పడానికి ముందుకు వస్తాడు?

అయినా మనుషులు మాట్లాడుకోకుండా ఉండలేరు. ఒక కొత్త భాష పుట్టింది. ఇంగ్లీషు మాటలు, చైనీస్ వాక్య నిర్మాణం, మధ్యలో పోర్చుగీసు, మన దేశపు మాటలు. దీనినే ‘పిడ్జిన్’ అన్నారు. ఇంగ్లీషు ‘బిజినెస్’ అన్న మాటే చైనీయుల నోట అలా మారిందని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. కోఠీల పక్క వీధుల్లో ఒక చిన్న పుస్తకం చౌకగా దొరికేది. దాని పేరు ‘దయ్యాల మాట’. విదేశీయులను వారు ‘పరదేశపు దయ్యాలు’ అనేవారు కదా! ఇంగ్లీషు మాటల ఉచ్చారణను చైనీస్ లిపిలో రాసిన పుస్తకమది. ఇంగ్లీషు పాఠం పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకొని చదివిన విద్యార్థులకు ఈ కిటుకు కొత్తేమీ కాదు.

ఆ భాషలో మన మాటలు ఏరి చూడండి. చిన్న ఉత్తరం ‘చిట్’, అంటే మన చిట్టీ. సరుకు నిలవచేసే చోటు ‘గోడౌన్’. ఇది మలయ్ భాష ద్వారా వచ్చిందని, దాని మూలం మన ‘గిడ్డంగి’ వంటి ద్రావిడ పదం కావచ్చునని నిఘంటుకారులు చెబుతారు. అన్నిటికన్నా ఆశ్చర్యం ‘మాండరిన్’. చైనా అధికారికి పెట్టిన ఈ పేరు చైనీస్ మాట కాదు. సంస్కృతంలోని ‘మంత్రి’ మలయ్‌లోకి, అక్కడి నుంచి పోర్చుగీసులోకి వెళ్ళి అలా తయారైంది.

కానీ పిడ్జిన్‌లో టీ బేరం ఆడవచ్చు గాని, మనసు విప్పి మాట్లాడలేము. ఆ లోటును తీర్చబూనినవారు ఇద్దరు ముగ్గురే. 1807లో వచ్చిన రాబర్ట్ మారిసన్ రహస్యంగా గురువులను కుదుర్చుకొని చైనీస్ నేర్చాడు. పట్టుబడితే చిత్రహింసలు తప్పవని ఆయన గురువులలో ఒకరు విషం దగ్గర ఉంచుకునేవాడని చెబుతారు. ఆ గురువుల ధైర్యం వల్ల తయారైన చైనీస్–ఇంగ్లీషు నిఘంటువు 1815–1823 మధ్య మకావులో అచ్చయింది.

తెల్ల తలపాగాలవారు

కోఠీల వరసలో ఒకదాని పేరు ‘చౌచౌ హాంగ్’. పిడ్జిన్‌లో చౌచౌ అంటే కలగలుపు. పార్సీలు, ముస్లిం వర్తకులు, ఇతర భారతీయులు అందులో బస చేసేవారు కాబట్టి ఆ పేరు. తెల్లని తలపాగాలను బట్టి చైనీయులు పార్సీలను ‘తెల్లతలల పరదేశులు’ అన్నారు. 1756లో వెళ్ళిన హీర్జీ జీవన్‌జీ అక్కడికి చేరిన తొలి పార్సీ వర్తకుడని ప్రతీతి. పార్సీలు తమ ఊళ్ళలో మృతదేహాలను దఖ్మాలలో ఉంచుతారు. పరాయి గడ్డ మీద ఆ వీలు లేక ఖననం చేయవలసి వచ్చింది. మకావులో వారి కోసం 1829లో ఏర్పడిన శ్మశానం నేటికీ ఉంది.

జంషెడ్జీ జీజీభాయ్ (1783–1859) యువకుడిగా పలుమార్లు చైనా ప్రయాణం చేశాడు. 1805లో ఆయన ఎక్కిన ‘బ్రన్స్‌విక్’ ఓడను ఫ్రెంచివారు పట్టుకున్నారు. ఆ ఓడలో వైద్యుడిగా ఉన్న విలియం జార్డిన్‌తో అప్పుడే పరిచయమైంది. తరువాత ఇద్దరూ చైనా వ్యాపారంలో భాగస్వాములుగా ఎదిగారు. ముంబైలోని జె.జె. ఆసుపత్రి జీజీభాయ్ దాతృత్వానికి గుర్తు.

మరి వీరు చైనాకు తీసుకుపోయిన సరుకేమిటి? మొదట ఎక్కువగా పత్తి. తరువాత నల్లమందు. టీకి బదులుగా వెండి చెల్లించలేక, ఈస్టిండియా కంపెనీ 1773 నుంచి బెంగాల్, బీహార్‌లలో నల్లమందుపై గుత్తాధిపత్యం చేపట్టింది. ముందస్తు సొమ్ము చేతిలో పెట్టి రైతుల చేత గసగసాల మొక్కలు వేయించింది. మాళవ ప్రాంతపు నల్లమందు బొంబాయి మీదుగా పోయింది. చైనాలో దీనిపై 1729 నుంచీ నిషేధాలు ఉన్నాయి. అయినా దొంగచాటుగా దించేవారు. గోడ బయట ఉన్న వర్తకుడికి, గోడ లోపల ఆ మందు మింగేసిన ఇళ్ళు కనిపించలేదు. చూడాలని కోరుకున్నవారూ తక్కువే.

గోడలో రెండు కిటికీలు

సైన్సు చదివేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి. 1805లో మశూచి టీకా మనీలా నుంచి మకావు చేరింది. కంపెనీ వైద్యుడు అలెగ్జాండర్ పియర్సన్ టీకాలు వేయడం మొదలుపెట్టాడు. అప్పుడు శీతలీకరణ లేదు. ఒక బిడ్డ చేతి మీది పొక్కు నుంచి మరో బిడ్డకు ఎక్కిస్తూ పోవాలి. గొలుసు ఒక్కచోట తెగితే అంతా మొదటికి వస్తుంది. హాంగ్ వర్తకులు డబ్బిచ్చి ఈ గొలుసు తెగకుండా చూశారు. చియు షీ అనే చైనీయుడు ఈ విద్య నేర్చుకొని వేలమందికి టీకాలు వేశాడు. 1817లో తన భాషలో పుస్తకమూ రాశాడు.

1835 నవంబరులో పీటర్ పార్కర్ అనే అమెరికన్ వైద్యుడు కోఠీల దగ్గరే కంటి ఆసుపత్రి తెరిచాడు. భవనం హౌక్వాది. వచ్చినవారికి అంకెలు రాసిన వెదురు బద్దలు ఇచ్చి వరసగా పిలిచేవారు. తొలి మూడు నెలల్లోనే 900 మందికి పైగా వచ్చారు. పెద్ద కణుతులతో వచ్చిన రోగుల చిత్రాలను లాం క్వా అనే స్థానిక చిత్రకారుడు తైలవర్ణాలలో గీశాడు. నగరంలోకి విదేశీయుడు పోలేకపోయినా, నగరమే నొప్పితో అతని గుమ్మంలోకి వచ్చింది.

వంటవాడు వెళ్ళిపోయిన రోజు

1839 మార్చి 10న ప్రత్యేక అధికారి లిన్ జెషు కాంటన్ వచ్చాడు. నల్లమందు మొత్తం అప్పగించాలని ఆజ్ఞాపించాడు. వర్తకులు సాగదీశారు. హామీదారులైన హౌక్వా, మరో పెద్ద వర్తకుడు మెడలో గొలుసులతో కోఠీలకు వచ్చి ప్రాధేయపడ్డారు. మార్చి 24 రాత్రి కోఠీల నుంచి చైనా పనివారందరినీ, సుమారు 800 మందిని, వెనక్కు పిలిపించారు. వీధులు మూసేశారు. దాదాపు 350 మంది విదేశీయులు లోపల చిక్కుకున్నారు.

అప్పటిదాకా నీళ్ళ చెంబు కూడా ముట్టని వర్తకులు నీళ్ళు తోడారు, గదులు ఊడ్చారు, ఆవుల పాలు పితికారు. ఒక అమెరికన్ వర్తకుడు వండిన గుడ్ల వంటకం చెప్పు అట్టలా తయారైందని తోటివాడు విలియం హంటర్ తన జ్ఞాపకాలలో నవ్వుతూ రాశాడు. హౌక్వా మనుషులు చాటుగా తిండి అందించారని కూడా ఆయనే చెప్పాడు. తాము ఎవరి చేతుల మీద బతుకుతున్నారో ఆ ఆరు వారాలలో వారికి తెలిసివచ్చింది.

చివరికి 20,283 పెట్టెలు అప్పగించడానికి ఒప్పుకున్నారు. అందులో పార్సీల సరుకూ ఉంది. కాలిస్తే నల్లమందు కరిగి నేలలోకి ఇంకుతుంది, దాన్నీ తవ్వుకుపోతారని లిన్‌కు తెలుసు. అందుకే జూన్‌లో హ్యూమెన్ దగ్గర గుంటలు తవ్వించి, ఉప్పునీటిలో నానబెట్టి, సున్నం వేయించాడు. నీటితో కలిసిన సున్నం పుట్టించే వేడి గురించి మీకు తెలిసిందే. ఆ ముద్దను ఆటుపోటులతో సముద్రంలోకి వదిలారు.

తరువాతి నెలలో పార్కర్ ఆసుపత్రి పుస్తకంలో 6565వ నెంబరు రోగి పేరు చేరింది. వరిబీజం జబ్బుకు పట్టీ కావాలని కబురు పంపిన ఆ రోగి లిన్ జెషు! ఆయన స్వయంగా రాలేదు. పట్టీ మాత్రం అందింది. తుపాకుల మాట వినిపించడానికి ముందు, వైద్యుడికీ రోగికీ మధ్య ఒక దారి ఇంకా తెరిచే ఉందన్నమాట.

ఆ దారిని ఎవరూ వెడల్పు చేయలేదు. యుద్ధం వచ్చింది. 1841 మే నెలాఖరున కాంటన్ పొలిమేరలో శాన్‌యువాన్‌లి దగ్గర, మద్రాసు సైన్యపు 37వ పటాలానికి చెందిన ఒక సిపాయిల దండును గ్రామస్థులు కుంభవృష్టిలో చుట్టుముట్టారు. తడిసిన చెకుముకి తుపాకులు పేలలేదు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులతో మరో దళం వచ్చి వారిని విడిపించింది. మద్రాసు సైన్యంలో తమిళులతో పాటు తెలుగువారూ పనిచేసేవారు. మన నేల మీద పండిన సరుకు కోసం, మన సిపాయిలు, తమకు ఏ పగా లేని రైతులతో పోరాడారు. 1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ సంధి జరిగింది. అయిదు రేవులు తెరుచుకున్నాయి, హాంకాంగ్ బ్రిటిషువారి వశమైంది. కుటుంబాలతో ఉండే హక్కు కూడా దక్కింది. స్నేహంతో రాని హక్కు కాబట్టి, చైనీయుల మనసులో అది గాయంగానే మిగిలింది.

మనం నేర్చుకోవలసినది

కోఠీలు 1856 డిసెంబరు మంటల్లో కాలిపోయాయి. గ్వాంగ్‌జౌలో ‘పదమూడు హాంగ్‌ల వీధి’ అన్న పేరు మాత్రం నిలిచింది. ఇటీవలి దశాబ్దాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎందరో విద్యార్థులు వైద్యవిద్య కోసం చైనా నగరాలకు వెళ్ళారు. వారికి ప్రాకారాలు లేవు, భాష నేర్పితే శిక్షలూ లేవు. అయినా తమవాళ్ళ గదుల్లోనే ఉండి, తమ వంటే తిని, నాలుగు బేరపు మాటలతో నాలుగేళ్ళు గడిపితే, కంటికి కనిపించని కోఠీ ఒకటి కట్టుకున్నట్టే.

కాంటన్ చరిత్రలో లాభం కోసం గోడ పక్కన ఉన్నవారు వందలమంది. పాఠం చెప్పిన గురువు, టీకా నేర్చుకున్న చియు షీ, బొమ్మలు గీసిన లాం క్వా, కళ్ళకు వైద్యం చేసిన పార్కర్ వంటివారు కొద్దిమంది. ఆ కొద్దిమంది పెరిగి ఉంటే యుద్ధం ఆగేదని చెప్పలేము. కానీ ఆ 85 ఏళ్ళలో ఇరుపక్షాలకూ మేలుగా మిగిలింది మాత్రం వారి పనే.

ఆలోచించండి

1. ఫ్లింట్ విషయంలో శిక్షల మధ్య తేడా చైనీస్ బోధనపై ఎలాంటి ప్రభావం చూపి ఉంటుంది?

2. ‘లేడీ హ్యూస్’ ఘటనను చైనా అధికారి వైపు నుంచి ఒకసారి, ఓడ నావికుడి వైపు నుంచి ఒకసారి రాయండి.

3. మీ ఊరికి బతుకుతెరువు కోసం వచ్చిన పరభాషీయులు ఎవరు? వారికీ మీకూ మధ్య ఉన్న గోడలేమిటి? వారి భాషలో మీకు ఎన్ని మాటలు తెలుసు?